మాయమైన ఆరో వార్డు

మున్సిపాలిటీవాళ్లు వార్డులకు అంకెలు వేస్తారు. ఓటర్ల జాబితా రాసుకోవడానికీ, పన్ను రసీదు ఇవ్వడానికీ, చెత్తబండి పంపడానికీ ఆ అంకె అక్కరకొస్తుంది. కొన్నేళ్లకు హద్దులు మారతాయి. ఆరో వార్డు కాస్తా తొమ్మిదో వార్డవుతుంది. ఎవరూ బాధపడరు. ఆ అంకెమీద ఎవరూ పాట కట్టరు. కానీ, దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో అలాంటి ఒక అంకె కోసం జనం కన్నీళ్లు పెట్టుకున్నారు. పాటలు కట్టారు, నవలలు రాశారు, నాటకాలాడారు. చివరికి కోర్టుకూ వెళ్లారు.

ఆ అంకె... ఆరు. ఆ వార్డు... డిస్ట్రిక్ట్ సిక్స్!

కొండకూ కడలికీ నడుమ...

కేప్‌టౌన్ అనగానే బల్లపరుపుగా కోసిపెట్టినట్టుండే టేబుల్ మౌంటెన్ గుర్తొస్తుంది. దానికి ఓ పక్కన కోసుగా నిలబడి ఉంటుంది డెవిల్స్ పీక్. ఆ శిఖరం పాదాల దగ్గర మొదలై, ఓడరేవు వైపు ఏటవాలుగా దిగే నేలే డిస్ట్రిక్ట్ సిక్స్. నగరం నడిబొడ్డు నుంచి కాలినడకన వెళ్లొచ్చు. డచ్చివాళ్లు పదిహేడో శతాబ్దంలో కట్టిన కోట, ఆంగ్లేయుల కాలంనాటి సిటీ హాలు దాటి తూర్పు వైపు నాలుగడుగులు వేస్తే చాలు. ఎదురుగా కొండ, వెనక్కి తిరిగితే నీలం రంగు సముద్రం. వేసవిలో ఆగ్నేయం నుంచి హోరుగాలి. ప్రపంచంలోని అందమైన నగరాల్లో ఒకటిగా పేరున్న ఊళ్లో, ఇంతకన్నా మంచి స్థలం దొరకదు.

అలాంటిచోట ఆకాశాన్నంటే భవంతులు ఉండాలి. తీరా చూస్తే, చాలామేర గడ్డి! మధ్యమధ్యలో విరిగిన ఇటుకలు, పునాదిరాళ్లు. ఎటు వెళ్తుందో తెలియని రాళ్లు పరిచిన వీధి ముక్క. ఓ చర్చి, కొద్ది దూరంలో మసీదు. చుట్టూ ఇళ్లు లేకుండా ఇన్ని ప్రార్థనా మందిరాలు ఎవరి కోసం కట్టారా అని కొత్తగా వచ్చినవాళ్లు ఆశ్చర్యపోతారు. ఇళ్లుండేవి. వేలకొద్దీ ఇళ్లు. అరవై వేలమందికి పైగా మనుషులు. వాళ్లంతా ఏమయ్యారన్నదే ఈ నేల చెప్పే కథ.

అంకె ఎలా పుట్టింది?

డచ్చి ఈస్టిండియా కంపెనీ 1652లో కేప్ తీరంలో మకాం పెట్టింది. ఆసియాకు వచ్చిపోయే ఓడలకు కూరగాయలు, మాంసం, మంచినీళ్లు అందించడానికి వేసిన మజిలీ అది. పని చేయడానికి మనుషులు కావాలి. బానిసల్ని తెచ్చారు. మడగాస్కర్ నుంచి, మొజాంబిక్ నుంచి, ఇప్పటి ఇండొనేషియా దీవుల నుంచి, మన దేశం నుంచి. ఆ రోజుల్లో కోరమండల్ తీరంలో పులికాట్, మచిలీపట్నంలాంటి రేవుల్లో డచ్చివాళ్ల వర్తక స్థావరాలుండేవి. అద్దకం బట్టలతోపాటు బానిసలుగా మనుషులూ ఓడలెక్కారు. కేప్‌కు చేరిన బానిసల్లో దాదాపు పావువంతు మంది భారత ఉపఖండం నుంచి వచ్చినవారేనని చరిత్రకారుల అంచనా. బెంగాల్, మలబారు, కోరమండల్... ఏ తీరం నుంచి తెస్తే ఆ తీరం పేరునే వాళ్ల పేరు చివర తగిలించేవారు. అక్కడి పాత రిజిస్టర్లలో ఆ పేర్లు ఇప్పటికీ కనిపిస్తాయి.

1834లో ఆంగ్లేయుల ప్రభుత్వం బానిసత్వాన్ని రద్దుచేసింది. 'పని నేర్చుకోవడం' పేరిట మరో నాలుగేళ్లు యజమానుల దగ్గరే ఉంచి, 1838 డిసెంబరులో నిజంగా విడిచిపెట్టారు. స్వేచ్ఛ వచ్చింది కానీ తలదాచుకోవడానికి చోటు లేదు. ఊరికి తూర్పున, తక్కువ అద్దెకు ఇళ్లు దొరికే ఈ వాలులోకి చాలామంది చేరారు. వడ్రంగులు, దర్జీలు, తాపీపనివాళ్లు, బెస్తవాళ్లు, చాకలి పని చేసే స్త్రీలు... చిన్న చిన్న ఇళ్లు లేచాయి. ఆ పేటను జనం 'కనాలదోర్ప్' అనేవారు. నీళ్ల కాలువల వల్ల వచ్చిన పేరని కొందరంటారు. మలై భాషలో బతిమాలి సాయం అడిగేటప్పుడు వాడే 'కనాల' అన్న మాట నుంచి వచ్చిందని పేటవాసులు చెప్పుకుంటారు. ఒకరికొకరు సాయపడే వాళ్ల ఊరన్నమాట. ఆ రెండో అర్థమే అందరికీ నచ్చింది.

1867లో కేప్‌టౌన్ పురపాలన కొత్త రూపు దిద్దుకుంది. నగరాన్ని ఆరు డిస్ట్రిక్టులుగా విడగొట్టారు. ఈ పేట ఆరోది. అప్పట్లో కేప్ కాలనీలో ఓటు హక్కుకు ఆస్తి విలువే కొలమానం. ఒంటి రంగు కాదు. బానిసల మనవలైనా సరే, నిర్ణయించిన విలువకు తగ్గని ఆస్తి ఉంటే ఓటు వేయొచ్చు. పన్నుల పుస్తకంలో గుమాస్తా రాసుకున్న ఆ 'ఆరు', పేటవాళ్లకు చిరునామా అయింది. తర్వాత్తర్వాత వార్డుల హద్దులు, అంకెలు మారాయి. కౌన్సిల్ లెక్కల్లో ఇది ఏడో వార్డు అయిన రోజులూ ఉన్నాయి. అయినా, జనం నోట ఆరు ఆరుగానే ఉండిపోయింది.

హానోవర్ వీధిలో ఆదివారం

ఆ పేటకు నడుమ హానోవర్ వీధి. అదే బజారు, అదే తిరునాళ్లు. చేపల మార్కెట్టు, దర్జీ కొట్లు, క్షౌరశాలలు, మసాలా దినుసుల అంగళ్లు. బట్టలుతుక్కునే పబ్లిక్ వాష్‌హౌస్ కూడా ఉండేది. తూర్పు యూరప్‌లో తరిమికొడితే వచ్చిన యూదులు ఓ పక్క కొట్టు పెడితే, గుజరాత్ నుంచి వచ్చిన వర్తకుడు మరోపక్క పెట్టేవాడు. ముస్లింలు, క్రైస్తవులు, యూదులు, హిందువులు, ఓడ దిగి అక్కడే ఆగిపోయిన నావికులు, తూర్పు కేప్ నుంచి కూలికొచ్చిన షోసా జాతివాళ్లు... ఒకే మెట్లమీద కూర్చుని కబుర్లాడేవారు. పండక్కి ఇరుగింటి నుంచి పొరుగింటికి పళ్లేలు వెళ్లేవి. క్రిస్మస్‌కు ఇటునుంచి అటు, రంజాన్‌కు అటునుంచి ఇటు.

ఆ పళ్లేల్లో ఏముండేవి? వింటే మన వంటింట్లోకి తొంగిచూసినట్టే ఉంటుంది. సమూసా, రోటీ, బ్రియానీ, 'అచార్'. ఆదివారం పొద్దున్నే మాత్రం 'కూసిస్టర్స్' ఉండాల్సిందే. సోంపు, యాలకులు, దాల్చినచెక్క కలిపిన పిండిని నూనెలో వేయించి, పాకంలో ముంచి, కొబ్బరి కోరు అద్దుతారు. పిల్లలు గిన్నె పట్టుకుని వీధి చివరి ఇంటికి పరుగెత్తి తెచ్చేవారు. చేపల బండి వచ్చిందంటే బూర ఊదేవాళ్లు.

సాయంత్రమైతే బయోస్కోపు. సినిమాహాలును అక్కడివాళ్లు అలాగే పిలుస్తారు. స్టార్, అవలాన్, నేషనల్, బ్రిటిష్... ఒక్క పేటలోనే ఇన్ని హాళ్లు. హానోవర్ వీధి దగ్గరే ఏడు రాతిమెట్లుండేవి. 'సెవెన్ స్టెప్స్' అంటే తెలియనివారు లేరు. ప్రేమికులు కలుసుకునేదీ అక్కడే, ముసలివాళ్లు చతికిలబడేదీ అక్కడే. జనవరి 2 వచ్చిందంటే ఇక ఒళ్లు తెలిసేది కాదు. బానిసల కాలంలో యజమానులు కొత్త సంవత్సరం చేసుకున్న మర్నాడు బానిసలకు సెలవిచ్చేవారట. దానికి గుర్తుగా రంగురంగుల పట్టు కోట్లు, గొడుగులు, బాంజోలు, డప్పులతో బృందాలు బృందాలుగా వీధుల్లో ఊరేగేవారు. ఆ సంబరం కేప్‌టౌన్‌లో ఇప్పటికీ సాగుతోంది.

అలాగని అదేమీ స్వర్గం కాదు. ఇరుకు ఇళ్లు. ఒక్కో గదిలో ఒక్కో కుటుంబం. కారే పైకప్పులు. రౌడీ ముఠాలు, తాగుడు, జూదం అన్నీ ఉండేవి. ఆస్తుల్లో సగానికి పైగా తెల్లవారివే. అద్దె వసూలు చేసుకోవడమే తప్ప మరమ్మతు చేయించాలన్న ధ్యాస యజమానుల్లో చాలామందికి ఉండేది కాదు. అలెక్స్ లా గుమా, రిచర్డ్ రైవ్ ఇక్కడ పుట్టిపెరిగిన రచయితలే. వాళ్లిద్దరూ ఈ పేట కథలు రాశారు. పేటలోని చీకటిని దాచిపెట్టలేదు. ఆ చీకట్లోనూ ఒకరి చేయి ఒకరు పట్టుకున్న వైనాన్నీ వదిలిపెట్టలేదు.

మొదటి వేటు

డిస్ట్రిక్ట్ సిక్స్‌ను ఖాళీ చేయించిన తేదీగా అందరూ 1966ను చెబుతారు. నిజానికి మొదటి వేటు అంతకు 65 ఏళ్ల ముందే పడింది. 1901లో కేప్‌టౌన్‌లో ప్లేగు వచ్చింది. బోయర్ యుద్ధం కోసం రేవులోకి వస్తున్న ఓడల్లో గుర్రాల దాణాతోపాటు ఎలుకలూ వచ్చాయి. ఎలుకలతో ప్లేగు. తెగులు అన్ని రంగులవారికీ సోకింది. శిక్ష మాత్రం ఒకే రంగువారికి పడింది. రేవులో కూలిపని చేసుకుంటూ పేటలో ఉంటున్న నల్లజాతి ఆఫ్రికన్లను వేలసంఖ్యలో కాపలా మధ్య ఊరి బయటికి తరలించారు. ఆ స్థలానికి తర్వాత ఎన్‌డబేని అని పేరొచ్చింది. ప్రజారోగ్యం పేరు చెప్పి మనుషుల్ని రంగును బట్టి వేరుచేయొచ్చని పాలకులకు అప్పుడే తెలిసొచ్చింది.

మిగతా పేటవాళ్లు కొన్నాళ్లకు ఆ సంగతి మర్చిపోయారు. తమదాకా వస్తుందని ఎవరూ అనుకోలేదు.

తండ్రి తర్వాత కూతురు

ఓటు ఉన్నచోట నాయకులు పుడతారు. అబ్దుల్లా అబ్దురహ్మాన్ తాత, నాయనమ్మ బానిసలుగా ఉండి విముక్తి పొందినవాళ్లు. మనవడు స్కాట్లాండ్‌లోని గ్లాస్గోకు వెళ్లి 1893లో డాక్టరై తిరిగొచ్చాడు. 1904లో కేప్‌టౌన్ నగర కౌన్సిల్‌కు ఎన్నికయ్యారు. ఆ కౌన్సిల్లో తెల్లజాతికి చెందని తొలి సభ్యుడు ఆయనే. మధ్యలో కొద్దికాలం తప్పిస్తే 1940లో కన్నుమూసేదాకా కౌన్సిలర్‌గానే ఉన్నారు. పగలు రోగుల్ని చూసేవారు. సాయంత్రం కౌన్సిల్‌లో డ్రైనేజీ కోసం, దీపాల కోసం, బడి కోసం కొట్లాడేవారు. ఆయన చొరవతోనే 1912లో డిస్ట్రిక్ట్ సిక్స్‌లో ట్రఫాల్గర్ హైస్కూలు మొదలైంది. ఆ బడి ఇవాళ్టికీ నడుస్తోంది.

1909లో దక్షిణాఫ్రికాలోని నాలుగు కాలనీలను ఒక్కటి చేస్తూ లండన్‌లో చట్టం తయారవుతోంది. అందులో తెల్లవారికి తప్ప మరెవరికీ పార్లమెంటులో కూర్చునే హక్కు లేదు. దాన్ని అడ్డుకోవడానికి లండన్ వెళ్లిన బృందంలో అబ్దురహ్మాన్ ఉన్నారు. సరిగ్గా అప్పుడే ట్రాన్స్‌వాల్ భారతీయుల తరఫున మరో న్యాయవాదీ లండన్‌లో ఉన్నారు. ఆయన పేరు మోహన్‌దాస్ కరంచంద్ గాంధీ. ఆ ఏడాది ఇద్దరూ వట్టి చేతులతోనే వెనుదిరిగారు.

అబ్దురహ్మాన్ కూతురు జైనున్నిసా. అందరికీ 'సిసీ'. పెళ్లయ్యాక సిసీ గూల్. కేప్‌టౌన్ విశ్వవిద్యాలయంలో మాస్టర్స్ పట్టా అందుకున్న, తెల్లజాతికి చెందని తొలి మహిళ. తండ్రిది విన్నపాల దారైతే, కూతురిది ఊరేగింపుల దారి. పార్లమెంటు దాకా జనాన్ని నడిపించేది. 1938లో ఆమె కౌన్సిలర్‌గా గెలిచింది. గెలిపించింది డిస్ట్రిక్ట్ సిక్సే. పొయ్యిలోకి కట్టెల్లేకపోయినా, ఇంటి యజమాని తలుపు పీకేసినా ఆమె గుమ్మం తొక్కేవారు. అరవయ్యో పడిలో న్యాయశాస్త్రం చదివి 1962లో న్యాయవాదిగా నమోదైంది. మరుసటి ఏడాదే కన్నుమూసింది. 'డిస్ట్రిక్ట్ సిక్స్ మాణిక్యం' అని ఆమెను ఇప్పటికీ తలుచుకుంటారు.

ఈలోగా కాళ్లకింద నేల కదలడం మొదలైంది. 1948లో నేషనల్ పార్టీ అధికారంలోకి వచ్చింది. 1950లో రెండు చట్టాలు చేశారు. మొదటిది, ప్రతి మనిషికీ ఒక జాతి ముద్ర వేసే చట్టం. రెండోది, ఏ జాతివారు ఎక్కడ ఉండాలో నిర్ణయించే గ్రూప్ ఏరియాస్ చట్టం. మిశ్రమ సంతతివారికి 'కలర్డ్' అని ముద్ర. 1956లో వాళ్ల పేర్లను పార్లమెంటు ఎన్నికల సాధారణ ఓటర్ల జాబితాలోంచి తీసేశారు. 1970ల మొదట్లో మున్సిపల్ ఓటు కూడా పోయింది. ఓటు కోసం వేసిన అంకె మిగిలింది. ఓటు పోయింది.

ఫిబ్రవరి 11

1966 ఫిబ్రవరి 11. డిస్ట్రిక్ట్ సిక్స్‌ను 'తెల్లవారి ప్రాంతం'గా ప్రకటిస్తూ ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. సంబంధిత మంత్రి పి.డబ్ల్యు. బోథా. తర్వాతి కాలంలో దేశానికి ప్రధాని, అధ్యక్షుడూ అయ్యాడు. మురికివాడ అన్నారు. నేరాల పుట్ట అన్నారు. వేర్వేరు జాతులు కలిసి ఉంటే గొడవలవుతాయన్నారు. నిజానికి అక్కడ గొడవ లేకుండా కలిసి బతకడమే వాళ్ల సిద్ధాంతానికి కంట్లో నలుసు. పైగా కొండ కింద, రేవు పక్కన, నగరం నడిబొడ్డున ఉన్న నేల అది.

ఉత్తర్వు వచ్చేనాటికి అక్కడి ఆస్తుల్లో 56 శాతం తెల్లవారి పేర, 26 శాతం కలర్డ్ ప్రజల పేర, 18 శాతం భారతీయుల పేర ఉన్నాయి. ఉంటున్నవాళ్లలో అత్యధికులు కలర్డ్ ప్రజలే. వాళ్లలో ఎక్కువమంది అద్దెకున్నవాళ్లు. ఆస్తి లేనివారికి పరిహారమన్న ప్రశ్నే లేదు.

1968లో తరలింపు మొదలైంది. ముందు ఇంటికో కాగితం. తర్వాత ఓ లారీ. ఆ వెనకే బుల్‌డోజర్. వీధి తర్వాత వీధి. ఓ కుటుంబం సామాన్లు సర్దుకుంటుంటే, పక్కింటి గోడ కూలుతుండేది. 1982 నాటికి అరవై వేలమందికి పైగా వెళ్లిపోయారు. కేప్ ఫ్లాట్స్ అని ఊరికి దూరంగా పెద్ద ఇసుక మైదానం ఉంది. ఇరవై, పాతిక కిలోమీటర్ల అవతల. చెట్టూ చేమా తక్కువ, గాలీ దుమ్మూ ఎక్కువ. అక్కడ కట్టిన కాలనీల్లోకి నెట్టారు. ఇన్నాళ్లూ పక్కపక్కన ఉన్నవాళ్లను పక్కపక్కన ఉంచలేదు. అమ్మమ్మ ఒక కాలనీకి, మనవరాలు మరో కాలనీకి. జాతి ముద్రలు వేరైతే ఒకే ఇంటివాళ్లు కూడా వేర్వేరు చోట్లకు. నడిచి పనికెళ్లేవాళ్లకు రైలు ఖర్చు, బస్సు ఖర్చు తోడయ్యాయి. పిల్లల్ని కనిపెట్టి చూసే పొరుగింటి పెద్దదిక్కు పోయింది. మనుషుల మధ్య అల్లిక తెగిపోయిన ఆ కాలనీల్లో ముఠాలు బలిశాయి. కేప్‌టౌన్ ఆ బాధ ఇంకా పడుతూనే ఉంది.

దేశమంతా ఇదే తంతు. 1860 నుంచి చెరకుతోటల్లో కూలికి వెళ్లి నటాల్‌లో స్థిరపడిన తెలుగు, తమిళ కుటుంబాలనూ ఆ చట్టం వదల్లేదు. డర్బన్‌లోని కేటో మేనర్ నుంచి వేలాది భారతీయులు అలాగే కట్టుబట్టలతో కదిలారు. డిస్ట్రిక్ట్ సిక్స్ కథ మనవాళ్లకు పరాయి కథేమీ కాదు.

తిరిగొచ్చిన పావురాలు

ఆ రోజుల సంగతి ఒకటి అక్కడ అందరూ చెప్పుకుంటారు. పేటవాసి ఒకాయన పావురాల్ని పెంచేవాడు. యాభై దాకా ఉండేవి. ఎంత దూరం వదిలినా గూటికి చేరే రకం. ఇల్లు ఖాళీ చేసి వెళ్తూ వాటినీ వెంట తీసుకెళ్లాడు. కొత్త ఇంటి దగ్గర గూడు కట్టాడు. అలవాటు పడాలని మూడు నెలలు బయటకు వదల్లేదు. ఓ రోజు ధైర్యం చేసి తలుపు తీశాడు. సాయంత్రమైంది. ఒక్కటీ రాలేదు. రాత్రంతా నిద్రలేదు. మర్నాడు పనికెళ్తూ డిస్ట్రిక్ట్ సిక్స్ మీదుగా కారు పోనిచ్చాడు. తన ఇల్లుండిన ఖాళీ జాగాలో, రాళ్లమధ్య, పావురాలన్నీ వాలి ఉన్నాయి. దగ్గరికెళ్లినా ఎగిరిపోలేదు. మన ఇల్లేదీ అన్నట్టు ఆయనకేసి చూశాయట.

ఆయన తర్వాతి రోజుల్లో మ్యూజియంలో సందర్శకులకు ఈ కథ చెప్పేవాడు. విన్నవాళ్లలో కళ్లు తుడుచుకోనివాళ్లు తక్కువ.

ఉప్పు చల్లిన నేల

ఇళ్లు కూల్చినంత తేలిక కాలేదు, కొత్తవి కట్టడం. 1970లో ప్రభుత్వం ఆ ప్రాంతం పేరు 'జొనెబ్లూమ్'గా మార్చింది. పాత తోట ఒకదాని పేరది. పొద్దుతిరుగుడు పువ్వు అని అర్థం. పేరు అందంగానే ఉంది. కానీ కొనేవాళ్లే రాలేదు. ఉసురు తగిలిన నేలమీద ఇల్లు కట్టుకోవడానికి తెల్లవారిలోనూ చాలామందికి మనసొప్పలేదు. పెద్ద కంపెనీలు వెనకాడాయి. ప్రభుత్వం మాత్రం తన ఉద్యోగులకు కొన్ని ఇళ్లు, తెల్ల విద్యార్థుల కోసం ఒక టెక్నికాన్ కట్టించింది. ఆ విద్యాసంస్థే ఇప్పుడు అన్ని జాతులవారూ చదువుకునే కేప్ పెనిన్సులా సాంకేతిక విశ్వవిద్యాలయం.

1980ల్లో ఓ భారీ నిర్మాణ ప్రతిపాదన రాగానే పాత పేటవాసులు, వాళ్ల మిత్రులు కలిసి 'హ్యాండ్స్ ఆఫ్ డిస్ట్రిక్ట్ సిక్స్' ఉద్యమం లేవదీశారు. ఇది ఉప్పు చల్లిన నేల, వెళ్లగొట్టినవాళ్లు తిరిగొచ్చేదాకా ఇక్కడ ఏదీ మొలవకూడదన్నారు. మొలవలేదు. మసీదుల్ని, చర్చీలను మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. శుక్రవారం నమాజుకు, ఆదివారం ప్రార్థనకు కేప్ ఫ్లాట్స్ నుంచి పాతిక కిలోమీటర్లు ప్రయాణం చేసి వచ్చేవాళ్లు చాలామంది. ఇళ్లు లేని పేటకు భక్తులు మిగిలారు.

పాట కూడా మిగిలింది. పియానో విద్వాంసుడు అబ్దుల్లా ఇబ్రహీం 1974లో రికార్డు చేసిన 'మానెన్‌బర్గ్' వర్ణవివక్ష వ్యతిరేక పోరాటానికి గీతంలా మారింది. ఆ పేరు, పేటవాళ్లను తరలించిన కాలనీల్లో ఒకదానిది. అందులో శాక్సఫోన్ వాయించిన బేసిల్ కొయెట్జీ డిస్ట్రిక్ట్ సిక్స్‌లో పెరిగినవాడు. 1987లో డిస్ట్రిక్ట్ సిక్స్ పేరుతోనే ఓ సంగీత నాటకం వచ్చింది. కేప్‌టౌన్ జనం విరగబడి చూశారు.

నేలమీద పేర్లు

బ్యూటెన్‌కాంట్ వీధిలో పాత మెథడిస్టు చర్చి ఉంది. 1994 డిసెంబరు 10న అందులో డిస్ట్రిక్ట్ సిక్స్ మ్యూజియం తెరిచారు. రాజుల కత్తులు, కిరీటాలు ఉండవు. నేలమీద పేట మొత్తం పటం గీసి ఉంటుంది. ఒక్కో వీధి, ఒక్కో సందు. ఒకప్పుడు అక్కడున్నవాళ్లు వచ్చి, మోకాళ్లమీద వంగి, తమ ఇల్లున్నచోట తమ పేరు రాస్తారు. పక్కన ఎవరుండేవారో గుర్తు చేసుకుంటారు. ఓ పొడవాటి తెల్లబట్టమీద మనసులోని మాట రాసిపెడతారు. ఆ అక్షరాల మీదుగా దారంతో కుడతారు. చెరిగిపోకుండా.

పైనుంచి వేలాడుతూ నీలం, తెలుపు వీధి బోర్డులు కనిపిస్తాయి. ఇవి అసలైనవే. కూల్చివేతలకు అజమాయిషీగా ఉన్న ఓ తెల్ల ఉద్యోగి వాటిని సముద్రంలో పారేయకుండా తన ఇంట్లో ఏళ్లతరబడి దాచి ఉంచాడు. మ్యూజియం పెడుతున్నారని తెలిశాక తెచ్చిచ్చాడు. 75 బోర్డులు. వీధులు పోయాయి. వాటి పేర్లు కూల్చినవాడి ఇంట్లోనే బతికాయి.

తాళంచెవులు

ఫిబ్రవరి 11 ఈ కథలో మళ్లీ మళ్లీ వస్తుంది. 1990లో సరిగ్గా అదేరోజు నెల్సన్ మండేలా జైలు నుంచి విడుదలయ్యారు. సాయంత్రం ఆయన తొలి ప్రసంగం చేసింది కేప్‌టౌన్ సిటీ హాలు మేడ మీంచి. డిస్ట్రిక్ట్ సిక్స్‌కు కూతవేటు దూరం. 1994 ఏప్రిల్‌లో అందరికీ ఓటు వచ్చింది. అదే ఏడాది, పోయిన భూమిని తిరిగి అడిగే హక్కునిచ్చే చట్టమూ వచ్చింది. అద్దెకున్నవాళ్లూ అడగొచ్చన్నారు. పదేళ్లు గడిచాయి. 2004లో మళ్లీ ఫిబ్రవరి 11న, సొంత నేలకు తిరిగొచ్చిన మొదటి ఇద్దరికి మండేలా చేతుల మీదుగా తాళంచెవులు ఇచ్చారు. ఇద్దరూ ఎనభై దాటినవారే.

ఆ తర్వాత వేగం పుంజుకోవాల్సింది. పుంజుకోలేదు. ప్రభుత్వాలు, శాఖలు, డబ్బు, నేల యాజమాన్యం... కారణాలు మారుతుంటాయి. ఎదురుచూపు మారదు. మొదటి రెండు దశల్లో కట్టిన ఇళ్లు 139. మూడోదశలో, 2021లో పూర్తయినవి 108. హక్కు కోరినవాళ్లు మాత్రం వేలల్లో ఉన్నారు. విసిగిపోయిన పెద్దవాళ్లు కోర్టుకెళితే, పథకమేమిటో, ఎప్పుడు కడతారో, డబ్బెక్కడిదో చెప్పమని 2018లో భూహక్కుల కోర్టు ప్రభుత్వాన్ని ఆదేశించింది. తాళంచెవి చేతికందకుండానే ఎందరో వెళ్లిపోయారు. ఇంటికి తిరిగి వెళ్లాలన్న హక్కు వారసత్వంగా పిల్లలకు దక్కింది. ఆ పిల్లల్లో చాలామంది ఆ పేటను చూసింది ఫొటోల్లోనే.

అయినా కొన్ని తిరిగొచ్చాయి. 2019లో ఓ రోడ్డుకు హానోవర్ వీధి అని మళ్లీ పేరు పెట్టారు. అదే ఏడాది డిసెంబరులో 'జొనెబ్లూమ్' పోయి, 'డిస్ట్రిక్ట్ సిక్స్' అధికారికంగా పటం ఎక్కింది. ప్రతి ఏటా ఫిబ్రవరి 11న పాత పేటవాసులు మ్యూజియం నుంచి నడుచుకుంటూ ఆ గడ్డినేల మీదికి వెళ్తారు. తలా ఓ రాయి తీసుకెళ్లి కుప్పగా పేరుస్తారు. చేతికర్రతో వచ్చేవాళ్లుంటారు. చక్రాల కుర్చీలో మనవలు తోసుకొస్తే వచ్చేవాళ్లుంటారు.

కేప్‌టౌన్ నగరపాలక సంస్థలో ఇప్పుడు 116 వార్డులున్నాయి. అన్నిటికీ అంకెలే. డిస్ట్రిక్ట్ సిక్స్ పేరుతో ఎన్నికల వార్డంటూ ఏదీ లేదు. 1867 నాటి ఆరో డిస్ట్రిక్టు హద్దులు ఏ ఓటర్ల జాబితాలోనూ కనిపించవు. కానీ కేప్ ఫ్లాట్స్‌లో అరవై దాటిన ఏ మనిషినైనా 'మీదే ఊరు?' అని అడిగి చూడండి. చాలామంది నోట వచ్చే జవాబు ఒకటే అంకె.